మోససార్ పుర్రె చూసి అది ఏ రకమో తేల్చడం ఎలా?

"ఈ పుర్రె ఏ జంతువుదో కాస్త చెప్పగలరా?" అంటూ ఫొటోలు పంపేవాళ్ళు బాగా పెరిగారు. అమెరికాలో చదువుకుంటూ సెలవుల్లో కాన్సాస్ మ్యూజియంలు చూసొచ్చినవాళ్ళు, ఆన్‌లైన్‌లో మొరాకో దవడ ముక్క కొన్నవాళ్ళు, జియాలజీ ప్రాక్టికల్స్ ముందు టెన్షన్ పడుతున్న విద్యార్థులు, అందరూ అడిగేది ఇదే. వచ్చే ఫొటోల్లో చాలావరకు మోససార్లే (డైనోసార్ల కాలంలో సముద్రంలో బతికి అంతరించిన పెద్ద సరీసృపాలు) ఉంటాయి. అందుకని ఇక్కడ మోససార్ గురించే వివరంగా రాస్తున్నాను. అప్పటి ఇతర సముద్ర సరీసృపాలైన ఇక్తియోసార్, ప్లీసియోసార్, సముద్రపు మొసళ్ళ గురించి వాటిని లెక్కలోంచి తీసేయడానికి ఎంత అవసరమో అంతే చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం ఒప్పుకుందాం. పుర్రె చూడగానే పేరు చెప్పడం గొప్ప కాదు. ఏ ఎముక చూసి ఆ పేరు చెప్పారో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే ఆ పేరు మీ ఊహే అవుతుంది. ఇంకోటి, ప్రతి పుర్రెనూ జాతి దాకా తేల్చలేం. ఉదాహరణకు మోససార్లలో టైలోసారస్ అనేది ప్రజాతి, అందులో టైలోసారస్ ప్రోరైగర్ ఒక జాతి. చాలాసార్లు ప్రజాతి దగ్గరే ఆగాల్సి వస్తుంది, అందులో తప్పేమీ లేదు.

ఏమేం కావాలి

- పది రెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం
- స్కేలు, మెత్తని కొలత టేపు, వీలైతే వెర్నియర్ కాలిపర్
- మెత్తటి బ్రష్ (పెయింటింగ్‌కు వాడేది చాలు)
- చిన్న అల్ట్రావయొలెట్ టార్చి
- ఫోన్ కెమెరా, దానికి స్టాండు
- ట్రేసింగ్ కాగితం, రంగు పెన్సిళ్ళు
- పోల్చి చూసుకోవడానికి ఉడుము పుర్రె బొమ్మలు

చివరిది చూసి ఆశ్చర్యపోకండి. మోససార్లు డైనోసార్లు కావు. బల్లులు, పాములు ఉన్న వర్గానికే చెందుతాయి. బతికున్న జంతువుల్లో పోల్చడానికి మనకు చేతికందేది ఉడుమే. కాకపోతే అసలు ఉడుము పుర్రె దగ్గర పెట్టుకోకండి. మన దేశంలో వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం. టెక్సస్ విశ్వవిద్యాలయం నడిపే డిజిమార్ఫ్ సైట్‌లో ఉడుము జాతుల పుర్రెల సీటీ స్కాన్లు ఉచితంగా తిప్పి చూడొచ్చు. ఒక గంట అక్కడ కూర్చుని ఏ ఎముక ఎక్కడుందో గుర్తుపట్టడం అలవాటు చేసుకుంటే, కింద చెప్పే దశల్లో సగం తేలికైపోతాయి.

1. పుర్రె కంటే ముందు, రాయి ఎక్కడిదో తెలుసుకోండి

అందరూ వదిలేసే దశ ఇదే, ఎక్కువ పని చేసి పెట్టేదీ ఇదే. ఏ ప్రాంతం, ఏ రాతి పొర, వీలైతే పొరలో ఏ మట్టం అన్నది రాసుకోండి. మ్యూజియంలో అయితే లేబుల్‌ను కూడా ఫొటో తీయండి.

ఎందుకంటే కాలమే సగం పేర్లను కొట్టేస్తుంది. ఇక్తియోసార్లు దాదాపు 25 కోట్ల ఏళ్ళ కిందట మొదలై, సుమారు 9 కోట్ల ఏళ్ళ కిందటికే అంతరించాయి. మోససార్లు క్రెటేషియస్ (డైనోసార్ల చివరి యుగం) చివరి భాగంలో వచ్చి, 6.6 కోట్ల ఏళ్ళ కిందట డైనోసార్లతో పాటు పోయాయి. ప్లీసియోసార్లు కూడా చివరిదాకా ఉన్నాయి. పశ్చిమ కాన్సాస్‌లోని స్మోకీ హిల్ సుద్దరాయి వయసు సుమారు 8.7 నుంచి 8.2 కోట్ల ఏళ్ళు. కాబట్టి ఆ సుద్దలోంచి తీసిన పుర్రె ఎంత పొడుగు ముట్టెతో ఉన్నా ఇక్తియోసార్ కాదు. ఇంగ్లండులో లైమ్ రీజిస్ తీరంలో దొరికింది జురాసిక్ మొదటి భాగానిది, కాబట్టి అది మోససార్ కాదు. మొరాకోలో ఖౌరిబ్గా చుట్టుపక్కల ఫాస్ఫేట్ గనుల్లో దొరికే మోససార్లు క్రెటేషియస్ చిట్టచివరి దశవి, అంటే 7.2 నుంచి 6.6 కోట్ల ఏళ్ళ మధ్యవి.

మన దగ్గర దొరికిందంటూ ఫొటో పంపేవాళ్ళకు కూడా ఇదే ప్రశ్న. ప్రాణహిత–గోదావరి లోయలోని కోట పొరల్లో దొరికేవి కోటసారస్ లాంటి నేల మీది డైనోసార్లు, చేపలు. అక్కడ మోససార్‌ను వెతకొద్దు. మన దేశంలో సముద్ర సరీసృపాలు కావాలంటే గుజరాత్‌లోని కచ్, తమిళనాడులోని తిరుచిరాపల్లి–అరియలూరు వైపు చూడాలి. కచ్‌లో లొడాయి ఊరి దగ్గర దొరికిన ఇక్తియోసార్ అస్థిపంజరాన్ని ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గుంటుపల్లి ప్రసాద్ గారి బృందం 2017లో ప్రకటించింది. దాన్ని ఆఫ్తాల్మోసారిడే కుటుంబం దాకా తీసుకెళ్ళి ఆపారు. దాదాపు పూర్తి అస్థిపంజరం చేతిలో ఉన్నవాళ్ళే కుటుంబం దగ్గర ఆగారంటే, ఒక్క దవడ ముక్కతో జాతి పేరు చెప్పడానికి మనం ఎంత జాగ్రత్త పడాలో ఆలోచించండి.

2. అసలుదా, అతికించిందా?

మ్యూజియం నమూనా అయితే ఈ దశ దాటేయండి. కొన్నది అయితే మాత్రం ఇక్కడే ఎక్కువసేపు ఆగండి.

మొరాకో గనుల్లో విడి పళ్ళు కుప్పలుగా దొరుకుతాయి, దవడలు అరుదు. దవడకు ధర ఎక్కువ. అందుకని విడి పళ్ళను ఎముక ముక్కల మీద ఇసుక, జిగురు కలిపి అతికించి "మోససార్ దవడ" అని అమ్ముతారు. పళ్ళు నిజమైనవే, దవడే కాదు. వాటిలో మొసలి జాతి డైరోసార్ పళ్ళు, ఎంకోడస్ చేప కోరలు కూడా కలిసిపోతుంటాయి.

భూతద్దంతో పంటి మొదలు చూడండి. అసలు మోససార్ పన్ను దవడలోంచి నేరుగా పొడుచుకురాదు. కింద ఎముకలాంటి లావుపాటి దిమ్మ ఉంటుంది, ఆ దిమ్మ మీద మెరిసే ఎనామెల్ కొస నిలబడి ఉంటుంది. దిమ్మ దవడ ఎముకతో ఒకటైపోయి ఉంటుంది. ఆ దిమ్మకు నోటి లోపలి వైపు, కాస్త వెనగ్గా, ఒక గుంట కనిపిస్తుంది. అందులోనే కొత్త పన్ను పుడుతుంది. పాత పన్ను మొదలు కొంచెం కొంచెంగా కరిగిపోతూ ఉంటే, కొత్త పన్ను దాని కిందికి జరుగుతుంది. నిజమైన దవడలో కొన్ని పళ్ళు పూర్తిగా పెరిగి, కొన్ని సగం పెరిగి, కొన్ని ఊడిపోయి ఖాళీ గుంతలతో ఉంటాయి. పళ్ళన్నీ ఒకే ఎత్తులో, ఒక్క గుంటా లేకుండా, ఇసుక పూతలోంచి కొసలు మాత్రమే బయటికి కనిపిస్తుంటే అనుమానించండి.

తర్వాత గది చీకటి చేసి అల్ట్రావయొలెట్ టార్చి వేయండి. జిగురు, రెసిన్ ఉన్నచోట మెరుపు చుట్టూ ఉన్న ఎముకకు భిన్నంగా ఉంటుంది. అయితే జిగురు కనబడగానే నకిలీ అనేయకండి. అసలు శిలాజాలను కూడా విరిగినచోట అతికిస్తారు, గట్టిపడటానికి పూత పూస్తారు. జిగురు ఎక్కడుంది అన్నదే ముఖ్యం. పగులు గీత వెంబడి ఉంటే అది మరమ్మతు. ప్రతి పంటి చుట్టూ ఉంగరంలా ఉంటే కూర్చిన దవడ.

హెచ్చరిక: ఎసిటోన్‌తో పరీక్షించాలనుకుంటే ఇసుక పూత మీద ఒక మూల దూదితో అద్ది చూడండి, అంతే. ఎముకకు, పంటికి తగలనివ్వకండి. ఎర్రగా కాల్చిన సూదితో పొడిచే పరీక్ష అసలు వద్దు.

ఇది అమాయకులకు మాత్రమే వచ్చే ఇబ్బంది అనుకోకండి. మొరాకో నుంచి వచ్చిన ఒక దవడ ఆధారంగా 2021లో జెనొడెన్స్ అనే కొత్త ప్రజాతికి పేరు పెట్టారు. ఆ దవడలో పళ్ళు అమరిన తీరు నమ్మశక్యంగా లేదని, సీటీ స్కాన్ చేసి చూడాలని 2024లో వేరే పరిశోధకులు పత్రం రాశారు.

3. ఫొటోలు, కొలతలు

ఎడమ, కుడి, పై నుంచి, అడుగు నుంచి, వెనుక నుంచి ఐదు ఫొటోలు తీయండి. ప్రతిదాంట్లో స్కేలు ఉండాలి, అదీ ఎముక ఉన్న ఎత్తులోనే పెట్టాలి. కెమెరాను వంచి పట్టుకుంటే పొడవులు మారిపోతాయి. మ్యూజియంలో అద్దం అడ్డం ఉంటే ఫ్లాష్ ఆపేసి, దూరంగా నిలబడి జూమ్ చేయండి. దగ్గరికెళ్ళి తీస్తే ముట్టె లేనంత పొడుగ్గా వస్తుంది. ఫొటో చూసి పొరబడటానికి ఇదే పెద్ద కారణం.

నాలుగు కొలతలు చాలు: ముట్టె కొన నుంచి మెడ కీలు దాకా పుర్రె పొడవు, ముట్టె కొన నుంచి మొదటి పన్ను ముందు అంచు దాకా దూరం, పై దవడ పళ్ళ వరస పొడవు, క్వాడ్రేట్ అనే ఎముక (7వ దశలో వివరిస్తాను) ఎత్తు.

వెడల్పులను పెద్దగా నమ్మకండి. కాన్సాస్ సుద్దలో దొరికే పుర్రెలు పై పొరల బరువుకు నలిగి చపటగా అయిపోయి ఉంటాయి. పక్కకు పడి నలిగితే పుర్రె ఇరుకుగా, ఎత్తుగా కనిపిస్తుంది. బోర్లా పడి నలిగితే వెడల్పుగా కనిపిస్తుంది. పొడవులు మాత్రం అంతగా మారవు.

4. అసలు మోససారేనా?

పాత కథ ఒకటి ఇక్కడ పనికొస్తుంది. 1700ల రెండో సగంలో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ సుద్దరాయి గనుల్లో పెద్ద పెద్ద దవడలు దొరికాయి. కొందరు మొసలి అన్నారు. పీటర్ కాంపర్ లాంటి పేరున్న శరీరశాస్త్రవేత్త తిమింగలం అన్నాడు. ఆయన కొడుకు ఆడ్రియన్ కాంపర్ 1799లో, ఇది ఉడుము లాంటి బల్లులకు దగ్గరిదని సరిగ్గా చెప్పాడు. 1808లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జార్జ్ కువియే కూడా ఔనన్నాడు. మోససారస్ అన్న పేరు 1822లో వచ్చింది. అంత పెద్దవాళ్ళను బోల్తా కొట్టించింది సైజు, పళ్ళే. ఈనాటికీ అందరూ జారేది అక్కడే.

కాబట్టి ముందుగా దవడ పళ్ళు వదిలేసి, కింది నాలుగూ వరసగా చూడండి.

*పై అంగిలి.* పుర్రెను తిప్పి చూడగలిగితే అంగిట్లో రెండో పళ్ళ వరస కోసం వెతకండి. టెరిగాయిడ్ అనే ఎముక మీద వెనక్కి వంగిన చిన్న పళ్ళు ఉంటాయి. పాములకు ఉండేవి ఇలాంటివే. ఎరను గొంతులోకి తోసుకోవడానికి పనికొస్తాయి. ఇవి కనిపిస్తే దాదాపు తేలిపోయినట్టే. ప్లీసియోసార్లకు, సముద్రపు మొసళ్ళకు ఇవి ఉండవు.

*కింది దవడ మధ్యలో కీలు.* కింది దవడ పొడవులో సగం దాటాక స్ప్లీనియల్, యాంగ్యులర్ అనే రెండు ఎముకలు బంతి–గిన్నెలా కలుసుకుంటాయి. దవడ ముందు భాగం అక్కడ కదిలేది. మొసలి దవడ అలా కదలదు.

*దవడ రెండు కొమ్మలు కలిసేచోటు.* గడ్డం దగ్గర మోససార్‌ది వదులు కలయిక, ఎముకలు అతుక్కోవు. అందుకే కాన్సాస్ నమూనాల్లో రెండు కొమ్మలూ విడివిడిగా పడి ఉండటం మామూలే. ప్లీసియోసార్‌లో గడ్డం గట్టిగా అతుక్కుపోయి ఉంటుంది.

*ముక్కు రంధ్రాలు.* మోససార్‌లో అవి పొడుగ్గా, ముట్టె కొనకు బాగా వెనగ్గా మొదలవుతాయి. మొసలి జాతుల్లో ముట్టె కొనలోనే ఉంటాయి. ఇక్తియోసార్‌లో చిన్నవిగా, కంటి ముందరే ఉంటాయి. ఇక్తియోసార్ అయితే కన్నే చెబుతుంది. టెమ్నోడోంటోసారస్ అనే ఇక్తియోసార్ కంటి గుంత వెడల్పు 20 సెంటీమీటర్లు దాటుతుంది. ఇక్తియోసార్ పళ్ళు చాలావరకు వేర్వేరు గుంతల్లో కాకుండా ఒకే పొడుగాటి గాడిలో నిలబడి ఉంటాయి.

తప్పుదారి: కళ్ళ చుట్టూ ఎముక రేకుల వలయం చూసి ఇక్తియోసార్ అనుకోవడం. ఆ వలయం మోససార్‌లోనూ ఉంటుంది. గుండ్రటి గోళీల్లాంటి పళ్ళు చూసి ప్లాకోడాంట్ (మరో సముద్ర సరీసృపం) అనుకోవడం కూడా ఇలాంటిదే. గ్లోబిడెన్స్ అనే మోససార్‌కు కూడా గుండ్రటి పళ్ళే. ప్లాకోడాంట్లు ట్రయాసిక్ యుగంతోనే పోయాయి కాబట్టి, మొదటి దశలో రాసుకున్న రాతి వయసు ఇక్కడ తగువు తీరుస్తుంది.

ఈ నాలుగింట్లో కనీసం రెండు స్పష్టంగా కనిపిస్తేనే ముందుకు వెళ్ళండి.

5. ముట్టె కొన

ఇక్కడి నుంచి కాన్సాస్ సుద్దనే ఉదాహరణగా తీసుకుంటాను. అక్కడ ఎక్కువగా దొరికేవి మూడు ప్రజాతులు: టైలోసారస్, ప్లాటికార్పస్, క్లైడాస్టీస్. మూడింటినీ వేరు చేయడం వస్తే మిగతావి నేర్చుకోవడం సులువు.

ముట్టె చివర ఉండే ఎముక ప్రీమాక్సిల్లా. టైలోసారస్‌లో ఈ ఎముక మొదటి పన్నును దాటి ముందుకు పొడుచుకొచ్చి, మొద్దుబారిన గూటంలా ఉంటుంది. ఆ భాగంలో పళ్ళుండవు. ప్లాటికార్పస్‌లో ముట్టె పొట్టిగా, మొద్దుగా ఉండి, పళ్ళు దాదాపు కొన దగ్గరే మొదలవుతాయి. క్లైడాస్టీస్ ముట్టె సన్నగా, కొనదేరి ఉంటుంది.

కొన విరిగిందో లేదో తప్పకుండా చూడండి. సహజమైన కొన మీద నరాలు, రక్తనాళాలు పోయిన చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, అంచు నున్నగా గుండ్రంగా తిరుగుతుంది. విరిగినదైతే లోపలి గుల్ల ఎముక బయటికి కనిపిస్తుంది. విరిగిన టైలోసారస్ ముట్టెను ప్లాటికార్పస్ అనుకోవడం చాలా మామూలు తప్పు. ప్లాస్టర్‌తో కొన కట్టిన మ్యూజియం నమూనాల్లో దీనికి ఉల్టా కూడా జరుగుతుంది, కాబట్టి కొన రంగు, గరుకుతనం పక్క ఎముకతో సరిపోతున్నాయో లేదో గమనించండి.

ఇంకో జాగ్రత్త, ఇది చాలా ముఖ్యం. పిల్ల జంతువుల్లో ముట్టె లక్షణం పనిచేయకపోవచ్చు. 1991లో కాన్సాస్‌లో శిలాజ పరిశోధకుడు మైక్ ఎవర్‌హార్ట్ సేకరించిన ఒక చిన్న మోససార్ ముక్కలను చాలాకాలం ప్లాటికార్పస్ అనుకున్నారు. పుర్రె మొత్తం ఉండి ఉంటే 30 సెంటీమీటర్లు ఉండేది. 2018లో టకుయా కొనిషి, ఆయన సహచరులు దాన్ని మళ్ళీ పరిశీలించి టైలోసారస్ పిల్ల అని తేల్చారు. పెద్దవాటికి ఉండే ముట్టె గూటం దానికి లేనే లేదు. పుర్రె అడుగున ఉండే బేసిస్ఫీనాయిడ్ ఎముక పొడుగ్గా ఉండటం లాంటి లక్షణాలు దాన్ని పట్టిచ్చాయి. అందుకని చిన్న పుర్రె చేతికొస్తే ముట్టెను పక్కన పెట్టి, వెనుక భాగాన్ని నమ్మండి.

6. పళ్ళు కాదు, పంటి స్థానాలు లెక్కపెట్టండి

ఊడిపోయిన పన్ను కూడా లెక్కే. దిమ్మ ఉన్నా, ఖాళీ గుంత ఉన్నా ఒకటి కింద వేసుకోండి. ట్రేసింగ్ కాగితం మీద దవడ గీసి, ఉన్న పన్నుకు నిండు చుక్క, ఖాళీ గుంతకు సున్నా పెడితే తికమక ఉండదు.

మోససార్లలో ముట్టె చివర ప్రీమాక్సిల్లాకు ఒక్కో వైపు రెండు పళ్ళుంటాయి. వాటిని వేరుగా రాయండి. వాటి వెనుక అతుకు గీత దాటాక మొదలయ్యేది మాక్సిల్లా. మనకు కావాల్సిన లెక్క దానిదే. చాలామంది ఆ రెండింటినీ కలిపేసి, టైలోసారస్‌ను క్లైడాస్టీస్ చేసేస్తుంటారు.

- టైలోసారస్: మాక్సిల్లాలో ఒక్కో వైపు 12 లేదా 13
- ప్లాటికార్పస్: 12 దాటవు
- క్లైడాస్టీస్: 14 నుంచి 18 దాకా

లెక్క 12 వస్తే దీంతో ఏమీ తేలదు, ముందుకు వెళ్ళిపోండి. 15 పైన వస్తే టైలోసారస్, ప్లాటికార్పస్ రెండూ పోయినట్టే.

పంటి ఆకారం కూడా చూడండి, కానీ సాక్ష్యంగా రెండో వరసలో పెట్టండి. క్లైడాస్టీస్ పన్ను నున్నగా, పక్కలకు నొక్కినట్టు ఉండి ముందూ వెనకా పదునైన అంచులుంటాయి. ప్లాటికార్పస్ పన్ను సన్నగా వెనక్కి వంగి ఉంటుంది. టైలోసారస్ పన్ను లావు, లోపలి వైపు సన్నని గీతలుంటాయి. మొరాకో, మాస్ట్రిక్ట్ వైపు మోససారస్ ప్రజాతిలో పంటి బయటి ముఖం చదునుగా, చెక్కిన పలకల్లా ఉంటుంది, లోపలి ముఖం ఉబ్బుగా ఉంటుంది. ఒకే నోట్లో ముందు పన్ను, వెనుక పన్ను ఒకేలా ఉండవు కాబట్టి ఏ స్థానంలోని పన్నును పోలుస్తున్నారో రాసుకోండి.

7. క్వాడ్రేట్

ఒక్క ఎముకే చూసే అవకాశం ఉందంటే నేను దీన్నే అడుగుతాను. పుర్రె వెనుక భాగంలో, కపాలానికీ కింది దవడకూ మధ్య వేలాడే ఎముక ఇది. మోససార్‌లో పక్క నుంచి చూస్తే చెవి ఆకారంలో ఉంటుంది. చెవి పొరకు ఆసరా ఇచ్చింది కూడా ఇదే. చెవిలా కనిపించే వంపు పైనుంచి వెనక్కి, కిందికి దిగే కొక్కేన్ని సుప్రాస్టేపీడియల్ ప్రాసెస్ అంటారు. ఆ కొక్కెం ఎంత కిందికి దిగింది, ఎంత లావుంది అన్నది చూడాలి.

ప్లాటికార్పస్‌లో ఆ కొక్కెం పెద్దది. బాగా కిందిదాకా వంగి, మధ్యలోని ఖాళీని దాదాపు చుట్టేస్తుంది. టైలోసారస్‌లో అంతకంటే పొట్టిది, మధ్య ఖాళీ వెనుకవైపు తెరుచుకున్నట్టే ఉంటుంది. ప్రోగ్నాథోడాన్ లాంటి మోససార్లలో పై కొక్కెం, కింది నుంచి వచ్చే బుడిపె కలిసి అతుక్కుపోయి ఉంటాయి.

చూసేటప్పుడు చేయాల్సింది: ఎముక బయటి ముఖం మీ వైపు ఉండేలా, దవడ కీలు భాగం కిందికి ఉండేలా పట్టుకుని అంచు గీయండి. అదే కోణంలో తీసిన నమూనా బొమ్మ పక్కన పెట్టి చూడండి. కోణం తేడా వస్తే పొట్టి కొక్కెం కూడా పొడుగ్గా కనిపిస్తుంది. కొక్కెం కొన విరిగిందేమో భూతద్దంతో చూడటం మర్చిపోవద్దు.

క్వాడ్రేట్ దొరకకపోతే? నడినెత్తి మీద, రెండు కళ్ళ వెనుక, పైనియల్ రంధ్రం చూడండి. ప్లాటికార్పస్‌లో అది కొట్టొచ్చినట్టు పెద్దగా, నుదుటి ఎముక అతుకుకు దగ్గరగా ఉంటుంది. టైలోసారస్‌లో చిన్నది. దాంతో పాటు కంటి గుంత పై అంచు చూడండి. టైలోసారస్‌లో కంటికి ముందూ వెనుకా ఉండే ఎముకలు కలుసుకోవడంతో నుదుటి ఎముక కంటి అంచును తాకదు. ఇది నలిగిన పుర్రెలో కూడా తరచుగా కనిపించే గుర్తు.

8. జాతి దాకా వెళ్ళాలా?

పెద్ద జంతువుదై, ముట్టె పూర్తిగా ఉండి, రాతి పొరలో మట్టం తెలిస్తేనే ప్రయత్నించండి. కాన్సాస్ సుద్దలో టైలోసారస్ నెపియోలికస్ కింది పొరల్లోది, చిన్నది, దాని ముట్టె గూటం పుర్రె పొడవుతో పోలిస్తే పొట్టి. టైలోసారస్ ప్రోరైగర్ దాని తర్వాతి కాలానిది. 12 మీటర్లు దాటిన పెద్ద నమూనా కాన్సాస్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంది.

మూడో పేరు ఒకటి కనిపిస్తుంది, టైలోసారస్ కాన్సాసెన్సిస్. దానికి 2005లో పేరు పెట్టారు. 2016లో మరో బృందం అది వేరే జాతి కాదని, నెపియోలికస్ పిల్లలేనని వాదించింది. ఆ తర్వాత కూడా ఈ చర్చ సాగింది. పాత లేబుల్ మీద ఆ పేరు చూసి కంగారుపడకండి.

సరిచూసుకోవడం

ఒక కాగితం మీద మూడు నిలువు గళ్ళు గీయండి. మొదటిదాంట్లో మీరు చూసిన లక్షణం, రెండోదాంట్లో అది ఏ పేరును బలపరుస్తోంది, మూడోదాంట్లో ఏ పేరును కొట్టేస్తోంది. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ లక్షణానికి విలువ లేదు. "పళ్ళు వెనక్కి వంగి ఉన్నాయి" అన్నది మూడు ప్రజాతులకూ సరిపోతుంది కాబట్టి దేన్నీ కొట్టేయదు. అలాంటివి పది రాసినా ఒరిగేది లేదు.

పేరు నిలబడాలంటే పుర్రె ముందు భాగం నుంచి ఒకటి, వెనుక భాగం నుంచి ఒకటి, కనీసం రెండు వేరువేరు లక్షణాలు ఒకే పేరు చెప్పాలి. ముందు భాగం ఒక పేరు, వెనుక భాగం మరో పేరు చెబితే మూడు అవకాశాలున్నాయి: ముట్టె విరిగింది లేదా ప్లాస్టర్‌తో కట్టారు, అది పిల్ల జంతువు, లేదా రెండు జంతువుల ఎముకలు కలిశాయి. వెనక్కి వెళ్ళి 2, 5 దశలు మళ్ళీ చూడండి.

తర్వాత ఫొటోలు పక్కన పెట్టి, రెండు రోజులాగి మీ బొమ్మల మీదే పళ్ళు మళ్ళీ లెక్కపెట్టండి. స్నేహితుల చేత కూడా లెక్కపెట్టించండి, కానీ మీ సంఖ్య ముందే చెప్పకండి. ముందే చెబితే వాళ్ళ కళ్ళు అదే వెతుక్కుంటాయి.

ఫలితం ఇలా రాయండి: "టైలోసారస్, జాతి తేలలేదు. స్మోకీ హిల్ సుద్ద, పశ్చిమ కాన్సాస్. మొదటి పన్నుకు ముందు పళ్ళు లేని ముట్టె (కొన విరగలేదు). మాక్సిల్లా పంటి స్థానాలు 13. క్వాడ్రేట్ కొక్కెం పొట్టి. కుడి వైపు నలిగింది." ఇంత రాస్తే తర్వాత ఎవరైనా మీతో విభేదించినా ఎక్కడ విభేదిస్తున్నారో తెలుస్తుంది.

ఎక్కువగా అడిగే మరో రెండు

*పొలంలోనో కొండ వాగులోనో పుర్రె కనిపిస్తే తవ్వొచ్చా?* వద్దు. అమెరికాలో ఫెడరల్ భూముల్లో వెన్నెముక జంతువుల శిలాజాలు తీయాలంటే 2009 చట్టం ప్రకారం పర్మిట్ కావాలి. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి కావాలి. మన దేశంలో అయితే కదపకుండా ఫొటో, లొకేషన్ తీసుకుని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకో, దగ్గరి విశ్వవిద్యాలయ జియాలజీ విభాగానికో తెలపండి. ఎముకను తీసేస్తే పొర సమాచారం పోతుంది, అది పోతే మొదటి దశే చేయలేం.

*కింది దవడ ఒక్కటే ఉంది, ఏం చేయాలి?* మధ్యలో కీలు ఉందో చూసి మోససారా కాదా తేల్చండి. పళ్ళుండే ముందు ఎముక, డెంటరీ, పూర్తిగా ఉంటే పంటి స్థానాలు లెక్కపెట్టండి. టైలోసారస్‌లో 13 ఉంటాయి, క్లైడాస్టీస్‌లో అంతకంటే ఎక్కువ. డెంటరీ కొన చూడండి, టైలోసారస్‌లో మొదటి పంటికి ముందు కూడా కాస్త ఎముక మిగిలి ఉంటుంది. డెంటరీ ముందో వెనకో విరిగి ఉంటే లెక్క చెల్లదు. అప్పుడు "మోససారిడే కుటుంబం, కింది దవడ భాగం" అని రాసి, మిగతా ముక్కల కోసం అదే చోట దొరికిన పెట్టెలన్నీ వెతకండి. క్వాడ్రేట్ తరచుగా పుర్రె నుంచి విడిపోయి, ఎవరూ పట్టించుకోని ముక్కల పెట్టెలోనే ఉంటుంది.